ఇంటి చుట్టూ తిరిగి ఆఫీసుకి

మా ఇంట్లో తలుపు వేసుకుంటే వీధి చప్పుడు లోపలికి రాని గది ఒక్కటే ఉంది. ఇంటర్నెట్టు తెగిపోకుండా అందేదీ ఆ గదిలోనే, దేవుడి మందిరం ఉన్నదీ ఆ గదిలోనే. కరోనా వచ్చిన ఏడు మా అబ్బాయీ కోడలూ విశాఖపట్నంలో అద్దెవాటా ఖాళీ చేసి చోడవరం వచ్చేసినప్పుడు, కోడలి కంప్యూటరు ఎక్కడ పెట్టాలా అని ఎవరమూ తర్జనభర్జన పడలేదు. బియ్యం డ్రమ్ముని వంటింట్లోకి దొర్లించి ఆ చోట బల్ల వేశాం. స్వామి తూర్పు గోడకి, కోడలు ఉత్తరం గోడకి. స్వామి చూస్తుండగా పని చేసుకుంటుంది, ఇంతకన్నా ఏం కావాలి అనుకుని చేతులు జోడించాను.

ఆ రోజుల్లో చేతులు జోడించడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. మా వీధిలో అంబులెన్సు ఆగితే ఎవరింటి ముందు ఆగిందో కిటికీ సందులోంచి చూసి, మా ఇంటి ముందు కాదు కదా అని ఊపిరి పీల్చుకుని, అలా పీల్చుకున్నందుకు సిగ్గుపడి, మళ్ళీ దండం పెట్టుకునేదాన్ని. ఎంతోమందికి పనులు పోయాయి. మా ఇంట్లో మాత్రం అందరి కంచాల్లోనూ అన్నం ఉంది, అందరం ఒకరి కళ్ళెదుట ఒకరం ఉన్నాం. చెరకు ఫ్యాక్టరీ ఆఫీసులో చేసి రిటైరైన మా ఆయన, కె.కోటపాడు స్కూల్లో లెక్కలు చెప్పే మా అబ్బాయి, కోడలు, నేను.

మా కోడలిది దేవరాపల్లి దగ్గర పల్లె. చెరకూ వరీ పండించే ఇల్లు. హాస్టళ్ళలో ఉండి చదువుకుని, వాళ్ళ ఇంట్లో మొట్టమొదటి నెలజీతం అందుకున్న మనిషి. దూరదేశపు ఆస్పత్రుల బిల్లులు సరిచూసే కంపెనీలో ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో ఏమడిగినా తల వంచుకుని జవాబు చెప్పిన పిల్ల, ఉద్యోగం మాట వచ్చేసరికి తలెత్తి, "అది మాత్రం మాననండీ" అంది. ఆ మాట నాకు నచ్చింది. అదే నోటితో ఆ ఉద్యోగం మానేస్తానని అనే రోజు వస్తుందనీ, ఆ రోజు ఆమెని ఎలా ఆపాలో తెలియక పెరట్లో నిలబడిపోతాననీ అప్పట్లో ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

జబ్బు నెమ్మదించింది. బడులు తెరిచారు. మా అబ్బాయి బండి తుడుచుకుని కె.కోటపాడు వెళ్ళడం మొదలుపెట్టాడు. చెరకు ట్రాక్టర్లు రోడ్డెక్కాయి, సినిమా హాలు ముందు మళ్ళీ జనం కనిపించారు. కోడలు కూడా రేపో మాపో ఆఫీసు నుంచి కబురొస్తుందని ఎదురుచూసింది. ఇక్కణ్ణుంచే వెళ్ళిరావచ్చు కదా అని, పొద్దున్న ఏ బస్సు పట్టుకోవాలో మామగారిని అడిగి తెలుసుకుంది. కొత్త చెప్పులు కొనుక్కుంది. కబురు వచ్చింది గానీ అది వేరే కబురు. ఆఫీసు ఉన్న అంతస్తుని కంపెనీ ఖాళీ చేసేసింది. ఇక మీదట అందరూ ఇళ్ళ నుంచే పని చేసుకోవచ్చు, ఎప్పటికీ.

తోటి అమ్మాయి ఎవరో ఫోటో పంపితే నాకు చూపించింది. లారీలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి, కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి.

"ఆ చివర నీలంది నాదండి అత్తయ్యా."

"అన్నీ నీలంగానే ఉన్నాయి కదమ్మా."

"చెయ్యి ఆనించుకునే దగ్గర చిరిగింది చూడండి. అదే."

మా అబ్బాయి ఆ సాయంత్రం కోవా పట్టుకుని వచ్చాడు. "అద్దె లేదు, బస్సు లేదు, ఇంటి తిండి. మా స్టాఫ్ రూములో అందరూ కుళ్ళుకుంటన్నారమ్మా" అన్నాడు. నేను మా ఊరి స్వయంభూ వినాయకుడి గుడికి వెళ్ళి గరిక సమర్పించి, ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టించి వచ్చాను. కోడలు ప్రసాదం కళ్ళకద్దుకుని తింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని నేను సంతోషం అనుకున్నాను.

అప్పట్నుంచి మా ఇల్లు పరీక్ష హాలు అయింది. తొమ్మిదయ్యేసరికి ఆ గది తలుపు పడుతుంది. ఈలోపే మిక్సీ పనీ, బట్టలుతకడమూ అయిపోవాలి. ఆ తర్వాత పచ్చడి చెయ్యాలనిపిస్తే పెరట్లో రోలే గతి. కుక్కరు కూత వేసేలోపు పరుగెత్తి వెయిటు ఎత్తి పట్టుకునేదాన్ని. అన్నం ఒకనాడు పలుకు, ఒకనాడు ముద్ద. మా ఆయనకి దగ్గు వస్తే చెప్పులు వేసుకుని వీధి చివరికి వెళ్ళి దగ్గి వచ్చేవారు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి నోరు మాత్రం ఆడించేది.

"ఒసే, ఈవిడేటంటంది?" అని ఆయన గుసగుసగా అడిగేవారు.

"వానలంటండి" అనేదాన్ని, ఆవిడ వెనక గొడుగు బొమ్మ చూసి.

నా పూజ కూడా ముడుచుకుంది. గంట నాలుక్కి గుడ్డ చుట్టాను. అగరువత్తి పొగ కోడలికి పడదు, మానేశాను. స్తోత్రం పెదవుల మీదే నడిచేది. ఇదీ ఒక మౌనవ్రతమే, స్వామే చేయించుకుంటున్నాడు అని సరిపెట్టుకున్నాను. సాయంత్రం దీపంతోనే వచ్చింది చిక్కు. ఆమెకి పెద్ద మీటింగులన్నీ సరిగ్గా దీపాల వేళకే. కెమెరాలో పడకుండా గోడవారగా పాక్కుంటూ మందిరం దాకా వెళ్ళి, చెయ్యి మాత్రం పైకెత్తి వత్తి వెలిగించి, అలాగే వెనక్కి పాక్కుంటూ వచ్చేదాన్ని. ఒకనాడు మధ్యలో మోకాలు పట్టేసింది. ఆసరా కోసం ఒక చేత్తో బల్ల అంచు పట్టుకున్నాను. రెండో చేతిలో అప్పటికే గీసిన అగ్గిపుల్ల. కోడలి భుజం వెనక నుంచి ఆ చెయ్యి పైకి లేచింది.

కంప్యూటర్లోంచి ఎవరో మగమనిషి కంగారుగా ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కోడలు ఏదో చెప్పింది. లోపల అందరూ నవ్వారు.

మీటింగు అయ్యాక అడిగాను. "ఏటన్నాడమ్మా?"

"ఇల్లంటుకుందేమో చూసుకోమన్నాడండి."

"నువ్వేటన్నావు?"

"మా అత్తయ్యగారు దీపం పెడతన్నారని చెప్పేను. రోజూ పెడతారా అనడిగేడు. రోజూ పెడతారు, రోజూ పాకుతారు, నీకు ఇవాళ కనబడ్డారంతే అన్నాను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెకి నవ్వు ఆగలేదు. ఆపుకోలేక స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయట నిలబడి నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఆమె ఎంతకీ రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎక్కువ నవ్వితే కళ్ళు ఎర్రబడతాయి కదా అనుకున్నాను.

ఆ ఏడాదంతా ఆమె కొన్న చెప్పులు కొత్తవిగానే ఉన్నాయి. ఆదివారం బజారుకి రమ్మన్నా వచ్చేది కాదు. పడుకునే గది, తినే చోటు, పని చేసే గది, ఈ మూడు గడపల మధ్యే తిరిగేది. పక్కింటి వదిన గోడ మీంచి, "మీ కోడలు ఊళ్ళోనే ఉందా వొదినా? విశేషమేటైనా ఉంటే సెప్పకూడదేటి" అనేది. పెళ్ళికెదిగిన కూతుర్ని పెట్టుకుని సంబంధాలు వెతుక్కుంటున్న మనిషి; ఆవిడ ఆలోచనలన్నీ పెళ్ళి, పిల్లలు, మళ్ళీ పెళ్ళి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న చూశాను. కోడలు స్నానం చేసి, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, చేతిలో నీళ్ళసీసాతో వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళింది. నూతి పక్కనుంచి, మునగచెట్టు కిందనుంచి, ప్రహరీ వెంట ఇంటిని కుడివైపు ఉంచుకుని నడిచి, ముందు గేటు దగ్గరికి వచ్చి, వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చి, దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడూ అంతే. కొన్నాళ్ళు ఒక చుట్టు, కొన్నాళ్ళు ఎక్కువ. తిరుగుతున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నా కళ్ళు చెమర్చాయి. దేవుడున్న ఇంటికి ప్రదక్షిణం చేస్తోంది! చెంబుతో తీర్థం పట్టుకున్నట్టు ఆ సీసా పట్టుకుని, మౌనంగా. ఏ కోరిక కోరుకుందో అడగలేదు. మొక్కుకున్నవాళ్ళని మొక్కేమిటని అడిగితే ఫలం పోతుందని మా వైపు అనుకుంటారు. అడక్కుండా చెయ్యగలిగిన సాయం చేశాను. ఆమె లేవకముందే ఆ దారి ఊడ్చి పసుపునీళ్ళు చల్లేదాన్ని. ఇంటి నాలుగు మూలలా ముగ్గు వేసి, ముగ్గు మధ్యలో ఒక మందారప్పువ్వు పెట్టేదాన్ని.

"ఎందుకత్తయ్యా ఇక్కడ కూడా ముగ్గులు?" అని ఒకసారి అడిగింది.

"నీ కాళ్ళకి మట్టి అంటకూడదని."

ఆమె నన్ను వింతగా చూసి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి అడుగేసుకుంటూ వెళ్ళింది. ఎంత భక్తి అనుకున్నాను.

పక్కింటి వదిన కూడా ఇదంతా గోడ మీంచి గమనిస్తూనే ఉంది. ఒక పొద్దున్న పసుపుకొమ్ము కట్టిన తాడొకటి పట్టుకుని నేరుగా పెరట్లోకి వచ్చేసింది. కోడలు అప్పుడే వెనక గుమ్మం దిగుతోంది.

"ఇదిగో గుంటా, ఇది సేతికి కట్టుకుని తిరుగు. తడిబట్టల్తో తిరగాలి, ఇలాగ ఫ్యానుకింద ఆరిన బట్టల్తో తిరిగితే దేవుడు ఏటనుకుంటాడు? ఊసుపోక తిరుగుతందనుకుంటాడు. మా మేనకోడలు ఇలాగే తిరిగింది, కవలలు."

కోడలు తాడు వైపు చూసింది. తర్వాత నా ముగ్గు వైపు చూసింది. అప్పటికి ఆమెకి అంతా అర్థమైనట్టుంది.

"నేను తిరిగేది పిల్లల కోసం కాదండి పిన్నిగారూ."

"మరి దేనికే?"

"ఆఫీసుకెళ్తన్నానండి."

వదిన పెద్దగా నవ్వింది. "ఏ ఆఫీసే? మీ ఇంట్లోంచి బయల్దేరి మీ ఇంట్లోకే కదేటి ఎళ్తన్నావు!"

"అవునండి. ఈ గుమ్మంలో బయల్దేరి ఆ గుమ్మంలో చేరతన్నాను. మధ్యలో ఉన్నదే నా రోడ్డు. ఆ మునగచెట్టు దగ్గర బస్సెక్కుతాను, గేటు దగ్గర దిగుతాను. ఒక్కోనాడు దిగబుద్ధెయ్యదు. అప్పుడు ఇంకో చుట్టు."

ఎగతాళికి అనలేదు. ఎవరైనా దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. వదిన నవ్వు ఆగిపోయింది. తాడు నా చేతిలో పెట్టి, "సదువుకున్నోళ్ళకి కూడా గాలి సోకుద్దేటి వొదినా, ఎవరికైనా సూపించు" అని చెవిలో చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు కోడలు చుట్టూ తిరగలేదు. నూతి గట్టు మీద కూర్చుంది. లోపల గదిలో ఆమె ఫోను మోగి మోగి ఆగింది.

"మానేస్తానత్తయ్యా. నెలాఖరుకి చెప్పేస్తాను."

నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అదేటమ్మా, నీడపట్టున, మన ఇంట్లో, మనవాళ్ళ మధ్య..."

"తెలుసండి. ఎంతో అదృష్టం. మీరంటారు, మావయ్యగారంటారు, మీ అబ్బాయంటారు, మా అమ్మ కూడా అంటాది. ఆ మాటకి తిరిగి అనడానికి నా దగ్గరేటీ ఉండదు. అందుకేనండి ఊపిరాడదు." నూతిలోకి చూస్తూ అంది: "పని ఇష్టమేనండి. పనికి వెళ్ళడమే లేదు. తలుపు తీస్తే ఇల్లు, తలుపేస్తే ఇల్లు."

పసుపుతాడు ఇంకా నా చేతిలోనే ఉంది.

మా నాన్నగారు మా ఊళ్ళో అరుగు మీద మగపిల్లలకి చదువు చెప్పేవారు. నన్ను బడికి పంపలేదు. గడప లోపల, తలుపు పక్కన కూర్చుని, ఆయన బయట చెప్పిందంతా నేను లోపల నేర్చుకున్నాను. చదవడం, రాయడం, లెక్కలు, పంచాంగం చూడడం. రాత్రి అన్నాలయ్యాక తప్పులు దిద్దేవారు. ఆ కాలంలో ఆడపిల్లకి అంత శ్రద్ధగా చెప్పిన తండ్రులు ఎందరని? ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటాను, మనస్ఫూర్తిగానే తలుచుకుంటాను. కానీ సాయంత్రం చదువు ముగిశాక ఆ పిల్లలందరూ ఒక్కసారిగా అరుగు దూకి, ఒకర్నొకరు తోసుకుంటూ, తిట్టుకుంటూ, గెడ్డ నీళ్ళు దాటి ఇళ్ళకి పరుగెత్తేవాళ్ళు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా వినేదాన్ని. వాళ్ళ చదువు నాకు వచ్చింది. ఇంటికి వెళ్ళడం అన్నది మాత్రం నాకు రాలేదు, ఎందుకంటే నేను ఎక్కడికీ వెళ్ళలేదు కదా. దాన్ని లోటని ఎప్పుడూ అనుకోలేదు. అనుకుంటే కృతఘ్నత అవుతుందని భయం.

"నెలాఖరు దాకా ఆగమ్మా. ఈలోపు నన్ను చూడనీ" అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

ఇంటి బయట ఆమె పని చేసుకునే చోటు కోసం ముందు గ్రంథాలయం చూశాను. అక్కడ పేపర్లు చదివే పెద్దలు ఫోను మోగితేనే కళ్ళెర్రజేస్తారు. ఈమెది రోజంతా మాట్లాడే ఉద్యోగం. నెట్ సెంటర్లో జెరాక్సుల కోసం, దరఖాస్తుల కోసం జనం తోపులాట. స్వామీ, ఇంత ఊళ్ళో ఒక ఆడపిల్ల కూర్చుని పని చేసుకునే చోటు లేదా అనుకుంటూ ఒక మధ్యాహ్నం మెయిన్ రోడ్డు వెంట వస్తూ, దాహమేసి, కల్యాణమండపంలోకి వెళ్ళాను. అక్కడ కాపలా ఉండే ఆవిడ నాకు తెలుసు. భజనలకి వెళ్ళినప్పుడల్లా చాపలు పరిచేది. పెళ్ళిపీటలు వేసే వేదిక మీద చింతపండు ఆరబోసుకుని, గింజలు తీసుకుంటూ కూర్చుంది.

"ఏటీ, పెళ్ళిళ్ళు లేవా?"

"మూఢం కదా అమ్మగారూ. ఇంక సూసుకోండి, కుక్క కూడా రాదు. మా ఓనరు గారైతే ఇటు మొహమే పెట్టరు."

నీళ్ళు తాగి, పైన గదులేమైనా ఖాళీగా ఉన్నాయా అని అడిగాను. పెళ్ళికూతురి గది ఉందని మేడ మీదికి తీసుకెళ్ళింది. పెద్ద అద్దం, దాని ముందు పొడుగాటి బల్ల, ఫ్యాను, లోపలి గడియ. మూల ఒక డబ్బా మీద పచ్చదీపం మిణుకుమిణుకుమంటోంది.

"అదేటి?"

"ఇంటర్నెట్టంటమ్మా. కరోనాలో పెళ్ళికి జనం రాకూడదన్నారు కదా, సుట్టాలు ఇంటికాడ ఫోన్లో సూసుకుంటారని ఏయించేరు. తీసీలేదు."

ఆ పచ్చదీపానికి నేను దండం పెట్టాను. ఆవిడ నాకేసి అనుమానంగా చూసింది.

ఓనరుగారితో ఫోన్లో మాట్లాడాను. కరెంటుకి ఏదో ఒకటి ఇచ్చుకోండి, వాడుకోండి, కాకపోతే పెళ్ళున్నన్నాళ్ళూ ఖాళీ చెయ్యాలి అన్నారు. ఇంత సులువా అనుకున్నాను. ఇంట్లో చెప్పాక తెలిసింది ఎంత సులువో.

"పెళ్ళికూతురి గదిలో ఉద్యోగమేటమ్మా? మా స్కూల్లో తెలిస్తే ఇంకేటైనా ఉందా!" అన్నాడు అబ్బాయి.

"ఇంట్లో గది పెట్టుకుని ఊళ్ళో గది వెతుక్కోడమేటి? మనం పొమ్మన్నామనుకుంటారు" అన్నారు ఆయన.

కోడలు మజ్జిగన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు.

"వొద్దులే. అంత కష్టంగా ఉంటే మానెయ్యమను. నా జీతం లేదేటి?" అన్నాడు అబ్బాయి, ఆమె అక్కడ లేనట్టు, నాతో.

నాకు అరుదుగా కోపం వస్తుంది. "ఒరే, కరోనాలో నువ్వు ఫోన్లో లెక్కలు చెప్పినప్పుడు రోజూ తిట్టుకుంటూ లేచేవాడివి. ఏటని తిట్టుకునేవాడివి?"

"గోడకి చెప్తన్నట్టుందని."

"నువ్వు బడి తెరిచేరని బండి తుడుచుకుని వెళ్ళిపోయేవు. ఆ గోడ దీనికి వదిలేసి వెళ్ళేవు."

ఆయన దగ్గు ఆపుకున్నారు, అలవాటు చొప్పున. చివరికి అబ్బాయే, "అంత హాల్లో పగలంతా ఒక్కద్దీ ఎలా ఉంటాది?" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. కాపలావిడ ఉంటుందనీ, మధ్యాహ్నం నేను కేరేజీ పట్టుకెళ్తాననీ చెప్పాను.

మొదటి మధ్యాహ్నం కేరేజీ తీసుకుని వెళ్ళేసరికి ఆమె అద్దం ముందు బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, చెవులకి తగిలించుకున్నదానిలో గట్టిగా మాట్లాడుతోంది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. మా ఇంట్లో ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేది, మా కోసం. అద్దం చుట్టూ పాత పెళ్ళి తాలూకు కాగితం పువ్వులు ఇంకా అంటించే ఉన్నాయి. కాపలావిడ గుమ్మంలో కూర్చుని చింతగింజలు తీసుకుంటూ, ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలూపుతోంది.

కొన్నాళ్ళకి రోలుగుంట నుంచి ఇంకో అమ్మాయి రావడం మొదలుపెట్టింది. ఆమెదీ ఇంట్లోంచి చేసుకునే ఉద్యోగమే, ఎవరి ద్వారానో తెలిసి బస్సులో వచ్చేది. ఇక కోడలు సాయంత్రం ఇంటికి రావడంతోటే ఫిర్యాదులు. "ఆ అమ్మాయి ఫ్యాను ఎప్పుడూ ఐదులోనే పెడతాదండి. నా ఊరగాయ మొత్తం తినేసిందండి. ఫోన్లో మొగుణ్ణి ఎలా తిడతాదో వింటే మీరు స్నానం చెయ్యాలి." చెప్పడం అయ్యాక చెప్పులు మూలకి విడిచి, "ఇంట్లో ఏటత్తయ్యా విశేషాలు?" అని అడిగేది. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎలా అడుగుతాం, అందరం అక్కడే ఉండేవాళ్ళం.

నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. మానేస్తానన్న మాట ఆమె ఎత్తలేదు, నేను గుర్తు చెయ్యలేదు. కేరేజీ పట్టుకుని ఆ ఎండలో నడవడం నాకూ అలవాటైంది. దారిలో పలకరించేవాళ్ళు ఏర్పడ్డారు. రోజూ ఒక వేళకి ఒక చోటికి వెళ్ళి రావడమన్నది నా జన్మలో అదే మొదలు. దానికీ స్వామికి దండం పెట్టుకున్నాను, ఈసారి కాస్త గట్టిగా.

మూఢం వెళ్ళిపోయింది.

దాని తర్వాత ముహూర్తాలు వరసకట్టాయి. ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఇవాళ పెళ్ళి, రేపు రిసెప్షను, ఎల్లుండి వ్రతం. మండపం గేటుకి అరటిచెట్లు కట్టారు. వేదిక మీది చింతపండు ఎత్తేశారు. కాపలావిడ పైగది కడుగుతూ, "ఏటి సెయ్యనమ్మా, పెళ్ళికూతుర్ని మెట్లమీద కూకోబెట్టలేం కదా" అంది బాధగా. రోలుగుంట అమ్మాయి వాళ్ళింటికి, మా కోడలు దేవుడి గదికి. నేను కుక్కరు దగ్గరికి.

మొదటి రోజులు నవ్వుతూనే ఉంది. "ఊరందరికీ సెలవులుంటే ఆఫీసు మూస్తారు. నా ఆఫీసు ఊరందరికీ పెళ్ళిళ్ళయితే మూస్తారు" అంది. తర్వాత నవ్వు తగ్గింది. ముహూర్తాలు తగ్గలేదు. తలుపు వెనక గొంతు మళ్ళీ సన్నబడింది. ఒక సాయంత్రం పని ముగించి వచ్చి, మేకుకి తగిలించిన పంచాంగం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"మళ్ళీ మూఢం ఎప్పుడత్తయ్యా?"

మూఢం ఎప్పుడు పోతుందని అడిగేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూశాను. ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళని అదే చూడడం. పేజీలు తిప్పి చూపించాను. ఈలోపు ఒక శూన్యమాసం ఉంది, అందులో కొన్నాళ్ళు దొరుకుతాయి. అసలు మూఢానికి ఇంకా చాలా దూరం ఉంది. ఆమె ఆ పేజీల మధ్య మందం వేళ్ళతో పట్టి చూసుకుంది.

"అందాకా ఉండగలనేమో చూస్తాను" అంది. మాననని అనలేదు. మానేస్తానని కూడా అనలేదు.

అప్పుడే పక్కింటి వదిన గేటు తోసుకుని వచ్చింది. చేతిలో మిఠాయిలు, మొహమంతా వెలుగు. కూతురికి సంబంధం కుదిరింది. ముహూర్తం అదే మండపంలో.

"అయితే నా సీట్లో మీ అమ్మాయిని కూచోబెడతారన్నమాట" అంది కోడలు.

"నీ సీటేటే గుంటా, అది పెళ్ళికూతురి గది!"

"అదేనండి. ఫ్యాను ఐదులో పెట్టనివ్వకండి, జడ ఊడిపోద్ది."

వదినకి అర్థం కాలేదు గానీ సంతోషంలో ఉంది కనక నవ్వేసింది. నా చెయ్యి పట్టుకుంది. "వొదినా, నీ నోరు మంచిది. మా గుంట పెళ్ళి సల్లగా జరగాలని మొక్కు. మగపెళ్ళోళ్ళు వాయిదా ఏస్తారేమోనని నాకు బెంగ. అవతల మళ్ళీ మూఢమొచ్చేస్తాది."

మొక్కుతానన్నాను. ఆ పిల్ల నా కళ్ళముందు పెరిగింది. మొక్కకుండా ఎలా ఉంటాను? వదిన వెళ్ళాక, కోడలు పళ్ళేలు సర్దుతుంటే, పంచాంగం ఒళ్ళో ఉండగానే కళ్ళు మూసుకున్నాను. ఆ పెళ్ళి అనుకున్న ముహూర్తానికే, ఏ అడ్డూ రాకుండా జరిపించు స్వామీ అని ముందుగా, నిండు మనసుతో మొక్కుకున్నాను. రెండో కోరిక నోటితో అనగలిగింది కాదు. దీపాల వేళ ఇంట్లో కూర్చుని మూఢం రావాలని ఎవరు కోరుకుంటారు? అందుకని మూఢం ఉన్న పేజీ మీద వేలు పెట్టి ఉంచి, కోడలు పళ్ళేలు సర్దడం అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.